రెండు వందల అడుగుల దగ్గర దణ్ణం

నమోదు 6,902

అంతా కుశలం.

ఈ రెండు మాటలతో మొదలుపెట్టకపోతే ఆ రోజు నమోదు చెల్లదని మా లంక స్థిరత్వ సంఘం వారి నిబంధన. పందొమ్మిదేళ్ళుగా పాటిస్తున్నాను. తుఫానుకి పైకప్పు రేకులు లేచిపోయిన రోజున కూడా గొడుగు కింద కూర్చుని అంతా కుశలం అనే రాశాను.

పొద్దున ఉత్తుత్తి విమానం తుడిచాను. కాగితాల్లో దాని పేరు ఫ్లైట్ సిమ్యులేటర్. ఒక కుర్చీ, ఒక కర్ర, రెండు పెడళ్ళు, ఎదురుగా గోడంత తెర. పందొమ్మిదేళ్ళ కిందట గట్టు మీది వాళ్ళు, అంటే సముద్రం మింగని అవతలి నేల మీద ఉండేవాళ్ళు, దీన్ని పడవలో పంపించి, మీరు నేర్చుకుంటూ ఉండండి, వెనకాలే అసలు విమానం వస్తోంది అన్నారు. రాలేదు. సముద్రం డెల్టాను మింగేశాక మిగిలిన ముప్ఫై లంకల్లో, పైలట్లు ఆరుగురూ విమానాలు సున్నా ఉన్నది మా ఒక్క లంకలోనే. దీన్ని తుడిచేది, నడిపేది, దీని మీద నేర్పేది, దీన్ని తిట్టేది అన్నీ నేనే. పేరు వరహాలు.

ఈవేళ గట్టు నుంచి ఉత్తరం వచ్చింది. విమానం బయల్దేరిందట! నీళ్ళ మీద దిగే రకం. సరిగ్గా నలభై రోజులకి మొదటి ప్రయాణం. గట్టుకి వెళ్ళి పాముకాటు మందు తీసుకురావాలి. తెరచాప పడవ మీద తొమ్మిది రోజులు పడుతుంది, పెట్టెలో ఐసు మూడు రోజులే ఉంటుంది, మందు దారిలోనే పాడైపోతుంది. పోయిన వానాకాలం మా లంకలో ఇద్దరు అలాగే పోయారు.

ఆ ప్రయాణానికి సంఘం ఎంచిన పైలట్ నా మేనకోడలు నూకరత్నం. మా అన్న పోయాక దాన్ని నేనే పెంచాను. ఉత్తుత్తి విమానం మీద మూడు వందల పన్నెండుసార్లు దిగింది, ఒక్కసారి కూడా మునగలేదు. నాకు గర్వంగా ఉంది. గర్వం గురించి రాయకూడదని రూలేమీ లేదు కాబట్టి రాస్తున్నాను.

ఉత్తరం చివర ఒక షరతు పెట్టారు. సిమ్యులేటర్‌లోనూ విమానంలోనూ ఒకటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. పాతదే ఉంచుకుంటారో, మేము పంపిన రెండు కొత్తవాటిలో ఒకటి పెట్టుకుంటారో మీ ఇష్టం, ఏది స్థిరంగా ఉంటే అది తేల్చి చెప్పండి అన్నారు. స్థిరం అనే మాట చెవిన పడగానే సంఘం అధ్యక్షుడు జోగారావు గారి మొహం వెలిగిపోయింది. ఇరవై మందితో సంఘం పెట్టుకుని కూడా ఇన్నేళ్ళూ ఏ పనీ తగల్లేదు పాపం.

నమోదు 6,904

అంతా కుశలం. ఉత్తుత్తి విమానం పదకొండుసార్లు ఆగింది.

పాత సిస్టమ్ గురించి నివేదిక రాయమన్నారు. దాని పేరు నిశ్చల. విమానం రెండు వందల అడుగులకి దిగేసరికి తెర మీద నీళ్ళ బొమ్మ దగ్గరగా గియ్యాలి. నిశ్చలకి ఆ పని చేతకాదు. నాలుగు సెకన్లు కొయ్యబారిపోతుంది. కర్ర పనిచెయ్యదు, పెడళ్ళు పనిచెయ్యవు. తరవాత విమానాన్ని తనే సమంగా నిలబెట్టి, ఏమీ జరగనట్టు మళ్ళీ నడుస్తుంది. ఆ నాలుగు సెకన్లలో కర్ర కదిపామా, కదిపినదంతా లోపల పోగుపడి ఒక్క ఊపున విమానాన్ని నీళ్ళలోకి తోసేస్తుంది. గట్టుకి పద్నాలుగు ఉత్తరాలు రాశాను. ఆపి మళ్ళీ వెయ్యండి అని పద్నాలుగు జవాబులొచ్చాయి.

అందుకని మా పైలట్లు రెండు వందల అడుగుల దగ్గర కర్ర వదిలేసి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెడతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుని, మళ్ళీ కర్ర పట్టుకుని దింపుతారు. జోగారావు గారికి అది చూసి కళ్ళు చెమర్చి, పరీక్షలో చేర్పించారు. లేవడానికి ముప్ఫై మార్కులు, నడపడానికి ముప్ఫై, దిగడానికి ముప్ఫై, దణ్ణానికి పది. గోదారమ్మకి మన లంక చేసే మర్యాద ఇదీ అని ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతారు. పైలట్లు ఆరుగురూ అదే నమ్ముతున్నారు.

ఆ దణ్ణం నిజానికి ఎలా పుట్టిందో నాకు తెలుసు. నివేదికలో అది అడగలేదు. నేనూ రాయలేదు.

నమోదు 6,909

అంతా కుశలం. మొదటి కొత్త సిస్టమ్ ఎక్కించాను. దాని పేరు వినయ. అయిదు రోజులు భరించి దించేశాను.

ఆగిపోదు, ఆ మాట నిజమే. కానీ అడుగుతుంది. ఈ ఉదయం నూకరత్నం కర్రని ఎడమకి వంచింది. "మీరు నిజంగానే ఎడమకు వెళ్ళాలనుకుంటున్నారా?" అని తెర మీద అక్షరాలొచ్చాయి. అవునని నొక్కింది. "మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం. ఎడమకు తిరిగిన అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అంది. నక్షత్రాలిచ్చేలోపల విమానం వెళ్ళి లైట్‌హౌసుకి గుద్దుకుంది. గుద్దుకున్న అనుభవానికి కూడా నక్షత్రాలు అడిగింది.

"అత్తా, ఇది విమానవా, పెళ్ళిచూపులా?" అంటూ నూకరత్నం కుర్చీ దిగిపోయింది.

జోగారావు గారికి మాత్రం వినయ మహా నచ్చింది. "ఎంత మర్యాద తెలిసిన సిస్టమండీ!" అని అయిదుసార్లు అన్నారు. మీ కచేరీలో పెట్టించుకోండి, విమానంలో వద్దు అని చెప్పేశాను.

నమోదు 6,915

అంతా కుశలం. ఆరుగురు పైలట్లూ మునిగిపోయారు.

రెండో కొత్త సిస్టమ్ పేరు ధార. నిన్న తెల్లారిన దగ్గర్నుంచి ఏకబిగిన పందొమ్మిది గంటలు నడిపాను. ఒక్కసారి ఆగలేదు. రెండు వందల అడుగుల దగ్గర నీళ్ళ బొమ్మ ఎంత మెత్తగా వచ్చిందంటే, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి అలల మీద ఎండ చూశాను. సంతోషం పట్టలేక నూకరత్నాన్ని పిలిచి కూర్చోబెట్టాను.

చక్కగా లేచింది. చక్కగా తిరిగింది. రెండు వందల అడుగులకి రాగానే కర్ర వదిలేసి దణ్ణం పెట్టింది. ధార ఆగలేదు. విమానం ముక్కు వంచి, మూడు లెక్కపెట్టేలోపల నీళ్ళలో దూరిపోయింది. మళ్ళీ చెయ్యమన్నాను. మళ్ళీ దణ్ణం, మళ్ళీ మునక. మిగతా అయిదుగుర్నీ పిలిచాను. ఒక్కొక్కరే భక్తిగా మునిగారు.

"ఎందుకు పడిపోతన్నానత్తా? అన్నీ సరిగ్గానే చేత్తన్నాను గదా!" అంది నూకరత్నం. దాని మొహం పాలిపోయింది. అది చెప్పినట్టు అన్నీ సరిగ్గానే చేస్తోంది. నేను నేర్పినట్టే చేస్తోంది.

నమోదు 6,917

అంతా కుశలం. సంఘం సమావేశం పెట్టారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"అయ్యా, రెండు వందల అడుగుల దగ్గర కర్ర వదిలెయ్యడం వీళ్ళకి అలవాటైపోయిందండి. ధార ఆగదు కాబట్టి మునుగుతున్నారు. తప్పు సిస్టమ్‌ది కాదండి, అలవాటుది" అన్నాను.

జోగారావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "వరహాలమ్మా, నిశ్చల మీద ఇన్నేళ్ళలో ఎంతమంది మునిగారు?"

"మొదటేడాది తప్పిస్తే ఎవరూ మునగలేదండి."

"ధార మీద ఒక్క పూటలో?"

"ఆరుగురండి."

"మరి ఏది స్థిరమైనదీ?"

"నిశ్చల ఆగిపోతుంది కదండీ!"

"ఎక్కడ ఆగుతుంది?"

"రెండు వందల అడుగుల దగ్గరండి."

"ఎంతసేపు?"

"నాలుగు సెకన్లు."

"ఎన్నడైనా మూడు సెకన్లు ఆగిందా? అయిదు ఆగిందా? నూట తొంభై అడుగుల దగ్గర ఆగిందా?"

"లేదండి."

"చూశారా! పందొమ్మిదేళ్ళుగా ఒకే చోట, ఒకే లెక్కన ఆగుతోంది. ఇంతకంటే స్థిరం ఎక్కడుంటుందమ్మా?"

ఇరవై మందీ చప్పట్లు కొట్టారు. సిమ్యులేటర్‌లోనూ విమానంలోనూ నిశ్చలే ఉండాలని తీర్మానం రాసి, కాఫీలు తాగి వెళ్ళారు. నేను అక్కడే నోరు తెరిచి దణ్ణం సంగతి పూర్తిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇంటికొచ్చాక నన్ను నేనే తిట్టుకున్నాను.

నమోదు 6,927

అంతా కుశలం. విమానం వచ్చింది. అయితే ఎగిరి రాలేదు. పెద్ద పంటు పడవ మీద తాళ్ళతో కట్టుకుని తెచ్చారు.

తెచ్చినాయన పేరు ఖాదర్ వలి. కడప వైపు మనిషి, గట్టు మీద ఇంజనీరు. నువ్వే నడపొచ్చు కదయ్యా అంటే, "నేను బిగించేవాణ్ణే మేడం, నడిపేవాణ్ణి కాదు" అన్నాడు. విమానం తెల్లగా, బుజ్జిగా, రెండు సీట్లతో ఉంది. లంకంతా వచ్చి తడిమి చూశారు. నూకరత్నం దాని ముక్కు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

సంఘం తీర్మానం చదివి వినిపిస్తే ఖాదర్ వలి మొదట నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"సార్, మీ ఉత్తుత్తి విమానం ఆగిపోతే తెర మీద నీళ్ళు గూడా ఆగిపోతాయి. ఇక్కడ నీళ్ళు ఆగవు కదా సార్. కర్ర నాలుగు సెకన్లు పని చెయ్యకుంటే మనిషి బతకదు."

"పైలట్‌కి ఏ సిస్టమ్ అలవాటో విమానానికీ అదే ఉండాలి. ఇది మీ గట్టు వాళ్ళు పెట్టిన షరతే కదా?" అన్నారు జోగారావు గారు.

ఖాదర్ వలి నా వైపు తిరిగి, "ఏంది మేడం ఇది?" అన్నాడు మెల్లగా. నిశ్చలని విమానంలో ఎక్కించే పని నాకే అప్పగించారు. ఈ లంకలో ఆ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నమోదు 6,929

అంతా కుశలం. సంఘం ఆజ్ఞ ప్రకారం విమానంలో నిశ్చల ఎక్కించాను.

ఎక్కించలేదు. ధారే ఉంది. సంఘం వాళ్ళు ఈ పుస్తకంలో మొదటి వరుస దాటి ఏనాడూ చదవలేదు గనక నిర్భయంగా రాసుకుంటున్నాను. ఉత్తుత్తి విమానంలో కూడా మధ్యాహ్నం వాళ్ళు భోంచేసి కునుకు తీసే రెండు గంటలూ ధార పెట్టి, సాయంత్రానికి నిశ్చలకి మారుస్తున్నాను. ఆ రెండు గంటల్లో నూకరత్నం చేతులకి పట్టిన అలవాటు వదిలించాలి. లేకపోతే అసలు విమానం అసలు నీళ్ళలో దూరుతుంది, లోపల ఉండేది నా పిల్ల.

ఈవేళ దానికి నిజం చెప్పేశాను.

"నూకా, ఆ దణ్ణం గోదారమ్మకి కాదే. ఆ మిషన్ నిదానం, అంతే. మొట్టమొదట నేర్చుకున్న పోలయ్యకి చేతులు ఊరుకునేవి కాదు, కర్ర కెలికి మునిగిపోయేవాడు. చేతులు ఎక్కడన్నా పెట్టుకో నాయనా, దణ్ణవన్నా పెట్టుకో అన్నాను. పెట్టాడు. బాగా దిగాడు. తరవాత వచ్చినోళ్ళందరికీ అదే చూపించాను."

అది కుర్చీ నా వైపు తిప్పుకుంది. "నాకు పద్నాలుగేళ్ళప్పుడు గోదారమ్మ చూత్తాది, కళ్ళు మూసుకుని పెట్టు అన్నావు."

"అన్నాను."

"ఎందుకన్నావత్తా?"

"అప్పటికి లంకంతా అదే అంటంది. మిషన్ సంగతి విప్పి చెప్పడం కంటే అదే సులువనిపించింది."

లేచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 6,932

అంతా కుశలం. మూడో రోజుకి నూకరత్నం వచ్చింది. నేరుగా కుర్చీలో కూర్చుంది. కూర్చుని మునిగింది. ఏడుసార్లు.

నిజం తెలిసినా చేతులకి తెలియడం లేదు. రెండు వందల అడుగులనగానే వాటంతటవే లేచి జోడించుకుంటున్నాయి. కర్రకి తుమ్మబంక రాసి చేతులు అంటించాను. ఊడొచ్చాయి. తువ్వాలుతో కట్టాను. తువ్వాలు చింపేసుకుని మరీ దణ్ణం పెట్టింది. నా శిక్షణ ఇంత గట్టిదని నాకే తెలీదు.

నమోదు 6,938

అంతా కుశలం. ఇంక నాలుగు రోజులుంది. ఈవేళ పదోసారి మునిగాక నూకరత్నం కర్ర మీద తల వాల్చి ఏడ్చింది. నాకూ ఆగలేదు. మానేద్దామే, నీ బదులు ఇంకెవరన్నా వెళ్తారులే అన్నాను.

"ఇంకెవరెళ్ళినా మునిగేదే గదత్తా" అంది ముక్కు తుడుచుకుంటూ. "వానలు పడతన్నాయి. పాములు అరుగుల మీదకొచ్చేత్తన్నాయి. మందెవరు తెత్తారు?"

చేతులు చూసుకుంది. తరవాత నా వైపు తిరిగింది. "నా బదులు నువ్వు పెట్టు."

"ఏంటీ?"

"దణ్ణం. నా పక్కన కూకుని నువ్వు పెట్టు. ఒకళ్ళు పెడతన్నారు గదా అని నా చేతులు ఊరుకుంటాయేమో."

ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చున్నాను. రెండు వందల అడుగులకి రాగానే దానికి కనబడేటట్టు చేతులు జోడించి పైకి లెక్కపెట్టాను. ఒకటి, రెండు... దాని వేళ్ళు లేవబోయాయి. కర్ర మీదే ఉన్నాయి. మూడు, నాలుగు. విమానం నీళ్ళ మీద కూర్చుంది!

కునుకు తీసేవాళ్ళు లేచేదాకా పన్నెండుసార్లు దిగాం. పదకొండుసార్లు నిలిచింది. ఒకసారి నాకు దగ్గొచ్చి దణ్ణం ఆలస్యమైంది, మునిగాం.

నమోదు 6,941

అంతా కుశలం. రేపు పొద్దున ప్రయాణం. రెండో సీట్లో మందు పెట్టె పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని సంఘానికి అర్జీ పెట్టాను. ఆ మనిషిని నేనే అని కూడా రాశాను. ఒప్పుకున్నారు. పన్నెండింట ఒకటి మునిగిన లెక్క మాత్రం అర్జీలో రాయలేదు.

నమోదు 6,943

నిన్న నమోదు రాయలేదు. రాత్రి గట్టు మీదే ఉండిపోయాం. వెళ్ళినప్పుడు గట్టు దగ్గర దిగడం బాగానే జరిగింది. నేను దణ్ణం పెట్టాను, అది దింపింది. అక్కడివాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. చూసుకోనీ.

తిరిగి వచ్చేటప్పుడు మందు పెట్టె నా ఒళ్ళో ఉంది. నిండా ఐసు, బరువు, పైగా గాలికి విమానం ఊగుతోంది. రెండు చేతులా కావిలించుకుని కూర్చున్నాను. మా లంక కనపడింది. ఒడ్డున సంఘం ఇరవై మందీ కుర్చీలు వేసుకుని, కాగితాలు పట్టుకుని ఉన్నారు. మొదటి ప్రయాణం కాబట్టి దీన్ని ఆఖరి పరీక్షగా లెక్కిస్తారట.

మూడు వందలు. రెండు వందల యాభై. కిందికి చూశాను. నీళ్ళు తెర మీద లాంటివి కావు, నిజంగా కదులుతున్నాయి. పెట్టెని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

రెండు వందలు. నూకరత్నం కుడిచెయ్యి కర్ర వదిలి లేచింది.

"అత్తా!" అని అరిచింది. "అత్తా, దణ్ణం!"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. పెట్టె వదిలితే మందు పోతుంది, వదలకపోతే పిల్ల పోతుంది. వదిలేశాను. పెట్టె నా రెండు పాదాల మీదా పడింది. చేతులు జోడించి, జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు, ఒకటీ అని అరిచాను. దాని చెయ్యి గాల్లో ఆగింది. రెండూ. మళ్ళీ కర్ర మీద పడింది. ముక్కు లేచింది. మూడూ, నాలుగూ. నీళ్ళు విమానం కడుపు కింద చర్రుమన్నాయి. దిగిపోయాం. నూకరత్నం కర్ర మాత్రం వదల్లేదు. వేళ్ళు నేనే ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

పెట్టె మూత ఊడలేదు. మందు చల్లగా ఉంది. నా ఎడమ పాదం మాత్రం పూరీలా పొంగింది.

జోగారావు గారు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి ఇద్దరికీ దండలు వేశారు. "చూశారా, నిశ్చల ఎంత స్థిరంగా దింపిందో!" అని ఒడ్డు వైపు తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టారు.

"అది నిశ్చల కాదండి" అంది నూకరత్నం. "ధారండి. మా అత్త మార్చలేదండి. ఇందులో నిశ్చల ఉండుంటే మీరు ఈపాటికి మా కోసం వలలేత్తుండేవోరు. ఆ దణ్ణం కూడా గోదారమ్మకి కాదండి, పాత మిషన్ నిదానం గనక మా అత్త నేర్పిన చిట్కా అండి."

ఖాదర్ వలి ఒక్కడే చప్పట్లు కొట్టి, కొట్టకూడదేమో అని ఆపేశాడు.

అక్కడే సమావేశం పెట్టారు. ఆజ్ఞ ధిక్కరించినందుకు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. రెండింటిలోనూ ధార ఉంటేనే రేపటి నుంచి ఎక్కుతానని, మిగతా అయిదుగురి చేతుల అలవాటు మా అత్తే మాన్పించాలని నూకరత్నం చెప్పింది. అరగంట తర్జనభర్జన పడి, ధారే స్థిరమైనదని సంఘం మొదటి నుంచీ భావిస్తున్నట్టు తీర్మానం రాశారు. ఉద్యోగం ఇవ్వకుండా పని మాత్రం నాకు తిరిగి ఇచ్చారు. పుస్తకం అప్పగించమన్నారు, అందుకే ఇది నా చివరి నమోదు. ఇకమీద చదివేవాళ్ళు మొదటి వరుస దగ్గర ఆగిపోకండి.

సాయంత్రం పరీక్ష ఫలితం గోడకి అంటించారు. లేవడానికి ముప్ఫై, నడపడానికి ముప్ఫై, దిగడానికి ముప్ఫై. దణ్ణం పైలట్ స్వయంగా పెట్టలేదు కాబట్టి సున్నా. మొత్తం తొంభై.

నా నూకరత్నం బతికి ఉంది. పక్కగదిలో చేపల పులుసు కలుపుకుని తింటోంది. ఆ పది మార్కులూ సంఘాన్నే ఉంచుకోమనండి.